మొదటి జీతం, మూత బకెట్లు

మీ ఇంట్లో డిగ్రీ పూర్తయిన ఆడపిల్ల ఉందా? బెంగుళూరుకి ఉద్యోగానికి పంపాలా, వద్దా అని రోజూ ఇంట్లో పంచాయితీ నడుస్తోందా? అయితే పొయ్యి మీద పాలుంటే దించేసి వచ్చి కూర్చోండి. 2024 ఎండాకాలంలో మా పెద్దమ్మాయి విషయంలో ఏం జరిగిందో చెబుతాను. పంపమనీ చెప్పను, పంపొద్దనీ చెప్పను. ఎవరి బిడ్డ సంగతి వాళ్ళకే తెలుస్తుంది కదా!

మాది కదిరి. లక్ష్మీనరసింహస్వామి గుడి, మల్లెపూలు, కుంకుమ అంటే మీకు వెంటనే గుర్తొస్తుంది. చెనక్కాయలు వేసే రైతుల ఇళ్ళలోనైతే కదిరి-6, కదిరి లేపాక్షి అని విత్తనాల పేర్లతోనే మా ఊరు తెలుసు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాం గానీ, నాకు ఇప్పటికీ నోటికి అనంతపురం జిల్లా అనే వస్తుంది. రాజధాని ఎక్కడ ఉన్నా మా వాళ్ళకి పట్నం అంటే బెంగుళూరే. పెళ్ళి చీరలకి అక్కడికే, పెద్ద జబ్బులకి అక్కడికే, ఉద్యోగాలకీ అక్కడికే. పొద్దున్నే బస్సెక్కితే గోరంట్ల, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా నాలుగైదు గంటల్లో మెజెస్టిక్‌లో దిగుతాం.

మా అమ్మాయి బీకాం చదివింది. ఆ ఫిబ్రవరి ఆఖరి వారంలో వైట్‌ఫీల్డు తట్టు ఒక కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో చేరింది. జీతం 18 వేలు. హూడి దగ్గర ఒక పీజీలో ముగ్గురికి ఒక గది, భోజనంతో కలిపి నెలకి 8,500. "పోనీలే, చల్లని ఊరు. ఎండాకాలం మన మాదిరి మాడిపోకుండా సుఖంగా ఉంటుంది బిడ్డ" అని మా అత్తగారు సంతోషపడి, పెట్టెలో స్వెట్టరు కూడా పెట్టించింది. నిజం చెప్పొద్దూ, ఆ స్వెట్టరు మడత కూడా విప్పకుండా మే నెలలో ఇంటికి తిరిగొచ్చింది.

ఆ ఏడాది బెంగుళూరు సంగతి మీరూ టీవీలో చూసే ఉంటారు. అంతకుముందు ఏడాది వానలు సరిగా పడలేదు. మార్చి వచ్చేసరికి బోర్లు ఎండిపోయాయి. ప్రభుత్వం వేయించిన దాదాపు 14 వేల బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రే చెప్పారు. ఉప ముఖ్యమంత్రి శివకుమార్ గారైతే మా ఇంటి బోరు కూడా ఎండిందన్నారు. తాగే నీళ్ళతో కారు కడిగితే, చెట్లకి పోస్తే 5 వేలు జరిమానా అని నీళ్ళ బోర్డు వాళ్ళు ప్రకటించారు. కావేరి నీళ్ళు వస్తాయి కదా అంటారేమో. అవి సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తుకి ఎక్కించి తెచ్చే నీళ్ళు. నగరం నడిబొడ్డున ఉన్న పాత వీధులకి వస్తాయి. అంచుల్లో 2007లో నగరంలో కలిపిన 110 పల్లెలకి అప్పటికింకా ఆ నీళ్ళు సరిగా అందలేదు. వైట్‌ఫీల్డు, మహదేవపుర తట్టు కొత్తగా లేచిన అపార్టుమెంట్లు, పీజీలు చాలామటుకు బోరు మీదో ట్యాంకరు మీదో బతికేవే. మా అమ్మాయి పీజీ కూడా అంతే.

మొదటి పది రోజులు బాగానే గడిచింది. గదిలో ఒకమ్మాయి కృష్ణా జిల్లా, ఇంకొకమ్మాయి ఒడిశా. కృష్ణా జిల్లా పిల్ల ఇంటి ముందర కాలవ పారుతుందట, కొళాయి కట్టేయడమే తెలియదు పాపం! పళ్ళు తోముకున్నంతసేపూ నీళ్ళు పోతూనే ఉంటాయి. మా అమ్మాయి లేచి కట్టేస్తుంది, ఆ పిల్ల మళ్ళీ తిప్పుతుంది. "ఏంటే, మీ నాన్నగారు నీళ్ళ బోర్డులో పని చేస్తారా?" అని ఎగతాళి చేసిందట. మాకు అలా కుదరదండీ. మా వీధి కొళాయికి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా మా జిల్లా పల్లెల్లో బోరింగు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసినవాళ్ళం మేము. బియ్యం కడిగిన నీళ్ళు ఒక గిన్నెలో, ఆ నీళ్ళతో అంట్ల మొదటి కడుగు, ఆ తర్వాత మల్లెచెట్టుకి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పే విద్య కాదు.

మార్చి మూడో వారంలో ఒక రాత్రి పదకొండు గంటలకి ఫోను. ఆ వేళకి ఫోనంటేనే గుండె జల్లుమంటుంది. మాట్లాడదు, ఏడుస్తోంది. చివరికి చెప్పింది. సాయంత్రం ఆరింటి నుంచి కొళాయిలో చుక్క లేదు. ట్యాంకరు రాలేదు. ఆ నాలుగు రోజుల్లో మొదటి రోజు. ఆఫీసు నుంచి వచ్చి బట్ట మార్చుకుని చేతులు కడుక్కోవడానికి కూడా నీళ్ళు లేవు. తాగే నీళ్ళ క్యానులోంచి ఒక సీసా పట్టుకుని పని కానిచ్చుకుంది. అది చూసి కింద అంతస్తు అమ్మాయి తాగే నీళ్ళు పాడుచేస్తావా అని పదిమందిలో కసిరిందట.

ఇలాంటి సంగతి మగవాళ్ళకి ఎలా చెబుతాం? మావారికి "నీళ్ళు లేవంట" అని మాత్రం చెప్పాను. "ఆ 18 వేలకి ఇంత అగచాట్లా? తెల్లారి బస్సెక్కి వచ్చేయమను. అంగట్లో లెక్కలు రాసుకున్నా చాలు" అన్నారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకు వేసింది. ధర్మవరం నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది, పిల్ల ఉద్యోగం మానేస్తుందా అని వాళ్ళు అప్పటికే రెండుసార్లు అడిగించారు. "ఇదే మంచిదయింది, శ్రావణంలో చేసేద్దాం" అంది. రాత్రి పన్నెండింటికి ఇంట్లో పెళ్ళి మాటలు!

నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. నాకు ఇంటరు అయ్యాక అనంతపురంలో డిగ్రీ చేరాలని ఉండేది. అప్లికేషను కూడా తెచ్చుకున్నాను. ఆడపిల్లల హాస్టల్లో నీళ్ళకి చాలా ఇబ్బందంట అని ఎవరో మా నాయనకి చెప్పినారు. అంతే, నా చదువు అక్కడితో సరి. ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే అదే గుర్తొచ్చింది. శనివారం నేను పోయి చూసొస్తాను, తర్వాత మాట్లాడదాం అన్నాను.

పొద్దున ఆరు గంటల బస్సుకి బయల్దేరాను. మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే దిగకుండా నేరుగా హూడి. 2023 అక్టోబరు నుంచి ఆ లైను వైట్‌ఫీల్డు దాకా పూర్తయింది. తలుపు మీద స్టేషన్ల పేర్లు చదువుకుంటూ పోతుంటే హూడి దాటాక 'శ్రీ సత్యసాయి హాస్పిటల్' అని ఒక స్టేషను కనిపించింది. పుట్టపర్తి పెద్దాసుపత్రి 1991లో వచ్చింది, దానికి తోడు ఇక్కడిది 2001లో తెరిచారు. నాకేదో మా పక్క ఊరివాళ్ళు ఎదురొచ్చినట్టు కాస్త ధైర్యం వచ్చింది. నవ్వుకోండి, పర్వాలేదు.

పీజీ అయిదంతస్తుల ఇల్లు. అమ్మాయిలు 60 మంది. నడిపేది మన తెలుగు కుర్రాడే. గెస్టుకి రోజుకి 300 అని ముందుగానే చెప్పాడు, ఇచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు సాయంత్రం దాకా నేను చేసిన పని ఒక్కటే, నీళ్ళు ఎప్పుడు వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అని చూడటం. రాత్రి పదిన్నరకి ట్యాంకరు వచ్చింది. ఆ శబ్దం వినగానే అమ్మాయిలంతా బకెట్లు, చెంబులు, ఆఖరికి కుక్కర్లు పట్టుకుని పరుగులు. కింది అంతస్తుల వాళ్ళు దొరికిందే చాలని అన్నీ నింపేసుకున్నారు. మా అమ్మాయి ఉండే నాలుగో అంతస్తుకి వచ్చేసరికి సన్నధార. పొద్దున ఏడింటికి అదీ ఆగిపోయింది.

నేను చదివింది ఇంటరే అయినా పాలవాడి లెక్క దగ్గర ఇంతవరకూ ఎవరికీ లొంగలేదు. ట్యాంకరు 12 వేల లీటర్లు. అయిదు కిలోమీటర్ల లోపల అయితే వెయ్యి రూపాయలే తీసుకోవాలని ఆ మార్చిలోనే అధికారులు రేటు కట్టారు. అంటే లీటరు తొమ్మిది పైసలు కూడా పడదు. బిందెడు నీళ్ళు రూపాయిన్నర లోపే! ఆ కుర్రాడు రెండు రోజులకి ఒక ట్యాంకరు తెప్పిస్తున్నాడు. 60 మందికి పంచితే మనిషికి రోజుకి వంద లీటర్లు. వంటకి, ఊడ్చి తుడవడానికి తీసేసినా డెబ్భై మిగలాలి. మా ఇంట్లో అయిదుగురం రోజుకి 300 లీటర్లతో గడుపుతాం. మరి ఈ పిల్లలు నీళ్ళు లేవని ఏడవడం ఏమిటి? ఉన్న నీళ్ళు ఒకేసారి వదిలేసి, పైవాళ్ళకి అందకుండా చేస్తున్నాడు. అదీ సంగతి.

ఆదివారం పొద్దున ఆ కుర్రాడిని కూర్చోబెట్టి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. "నేనేం చేసేదమ్మా, ట్యాంకరువాడు ఫోనే ఎత్తడు" అన్నాడు. "ట్యాంకరువాడి సంగతి తర్వాత నాయనా, నీ గేటువాల్వు సంగతి చెప్పు" అన్నాను. పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట వదలాలి, ముందు పై అంతస్తులకి, తర్వాత కిందికి. వేళలు గోడ మీద రాసి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి అంతస్తు బాత్‌రూములో మూత ఉన్న డ్రమ్ము ఒకటి నింపి పెట్టాలి. అది స్నానానికీ కాదు, బట్టలకీ కాదు, అవసరం వచ్చిన పిల్లకి. ఇదంతా మా అమ్మాయి ఇంగ్లీషులో రాసి ముప్పైమంది దగ్గర సంతకాలు పెట్టించింది. మొదటి సంతకం ఎవరిదనుకున్నారు? తాగే నీళ్ళ గురించి కసిరిన అమ్మాయిదే. ఆ పిల్లకీ వారం ముందు అదే గతి పట్టిందట.

అన్నీ జరిగాయని చెప్పను. వేళలు ఒక వారం నడిచాయి, మళ్ళీ మామూలే. డ్రమ్ములు మాత్రం వచ్చాయి, నిలిచాయి. అన్నం తినడానికి కంచాలు మానేసి కాగితం ప్లేట్లు పెట్టాడు. అది నాకు నచ్చలేదు గానీ, అరవై కంచాలు కడిగే నీళ్ళు మిగిలినట్టే కదా అని ఊరుకున్నాను.

తిరుగు బస్సు ఎక్కే ముందు మెజెస్టిక్‌లో కాఫీ తాగుతూ అడిగాను. "నాయన రమ్మంటున్నాడు. వచ్చేస్తావా?" అది కప్పులోకి చూస్తూ కాసేపు ఆగి, "ఇక్కడ నీళ్ళు లేవని వచ్చేస్తే, కదిరిలో మాత్రం ఉన్నాయా మా?" అంది. నాకు నవ్వాగలేదు. అదీ నవ్వింది. ఇంటికొచ్చి మావారితో "ఎండాకాలం పోయేదాకా చూద్దాం" అన్నాను. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు "ఆ పీజీవాడి నంబరు ఇలా ఇవ్వు" అన్నారు. అప్పటి నుంచి వారానికోసారి ఫోను చేసి "నాలుగో అంతస్తుకి నీళ్ళు పోతున్నాయా?" అని అడగడం ఆయన డ్యూటీ అయింది!

ఫాల్గుణంలో మా స్వామి తేరు. ఊళ్ళో పుట్టిన ఎవరైనా ఎక్కడున్నా ఆ రోజుకి వస్తారు. ఇది రాలేకపోయింది. మార్చి నెలాఖరు, లెక్కలు ముగించే రోజులు, అకౌంట్స్ వాళ్ళకి సెలవెక్కడ! తేరు మీద చల్లిన దవనం కాస్త కాగితంలో కట్టి తెలిసినవాళ్ళ చేత పంపించాను. మొదటి జీతంతో అందరి పిల్లలూ అమ్మకి చీర కొంటారు. మాది మూత ఉన్న బకెట్లు మూడు కొనింది, తనకొకటి, గదిలో మిగతా ఇద్దరికీ చెరొకటి. కృష్ణా జిల్లా పిల్లకి ఒక్క బకెట్టుతో తలస్నానం చేయడం నేర్పించిందట. ముందు చెంబుతో తడుపుకోవడం, సబ్బు రాసేటప్పుడు నీళ్ళ జోలికి పోకపోవడం, కిందపడే నీళ్ళు టబ్బులో పట్టి బట్టలు నానేయడం. ఆ పిల్ల సెలవులకి ఇంటికి పోయి అక్కడ కూడా కొళాయి కట్టేస్తుంటే వాళ్ళమ్మ ఆశ్చర్యపోయిందట.

ఏప్రిల్ మాత్రం ఘోరం. నెలంతా బెంగుళూరులో చినుకు రాలలేదు, 1983 తర్వాత అలా జరగడం అదే మొదలట. 28వ తేదీ 38.5 డిగ్రీలు. కదిరిలో మేము అంతకంటే ఎక్కువే చూస్తాం, కానీ మా ఇంటికి మందపాటి గోడలు, వాకిట్లో వేపచెట్టు ఉన్నాయి. దానిది పైకప్పు కిందే గది. తడి తువ్వాలు కిటికీకి కట్టుకుని పడుకునేవాళ్ళట ముగ్గురూ. ఒక సంగతి చెప్పనా? మా అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. బెంగుళూరులో 950 పైమాటే. అంత వాన పడే ఊరు నీళ్ళకి ఏడవడం ఏమిటో, కరువు సీమ పిల్ల పోయి వాళ్ళకి బకెట్టు పాఠాలు చెప్పడం ఏమిటో!

ఆ నెలలో నేను పంపిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది చెనగ్గింజల పొడి. వంటింట్లో నీళ్ళు లేక పీజీలో కూర చేయని రోజున వట్టి అన్నంలోకి, లేకపోతే బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్ళు. పావుకిలో గింజలు సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పొట్టు తీసేయండి. పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర విడిగా వేయించుకోండి. చిన్న ముక్క ఎండుకొబ్బరి, ఉప్పు. ముందు మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర దంచి, తర్వాత గింజలు వేసి బరకగా ఆపేయాలి. మెత్తగా నూరితే నూనె వదిలి ముద్దవుతుంది. ఆరెనిమిది తెల్లగడ్డ రెబ్బలు ఆఖర్న వేసి ఒక్క దంపు. తడి చెంచా పెట్టకూడదు. ఎండాకాలం మూడు వారాలకి మించి ఉంచితే నూనె వాసన వేస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా పంపండి.

బస్సుల సంగతి కూడా చెప్పాలి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి మామూలు బస్సులు ఉచితమే గానీ, ఆధారులో ఆ రాష్ట్రం చిరునామా ఉండాలి. మన పిల్లలకి టిక్కెట్టు తప్పదు, నెల ఖర్చులో రాసుకోండి. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం వచ్చింది, అది మన రాష్ట్రం లోపలికే. కదిరి నుంచి హిందూపురం ఊరికే పోవచ్చు, బెంగుళూరుకి మాత్రం డబ్బు పెట్టాల్సిందే.

మే 13న మనకి ఓట్లు. అదే దాని మొదటి ఓటు. రెండో శనివారం, ఆదివారం, సోమవారం కలిసొచ్చాయి కదా, బెంగుళూరులో ఉన్న మన పిల్లలంతా ఒక్కసారి బయల్దేరారు. బస్సుల్లో ఊపిరాడలేదట. చిక్కబళ్ళాపురం దాకా నిలబడే వచ్చింది. నల్లబడింది, చిక్కింది. వేలి మీద సిరా చూపిస్తూ వాళ్ళవ్వ ఒడిలో పడుకుంది. ధర్మవరం మాట ఎత్తుదామని చూసింది మా అత్తగారు. "అవ్వా, వాళ్ళింట్లో నీళ్ళు రోజూ వస్తాయా?" అని అడిగి నోరు మూయించింది. ఆ సంబంధం వాళ్ళు శ్రావణంలో వేరే చోట చేసుకున్నారు. మా అత్తగారు ఇప్పటికీ ఆ పిల్లాడి పేరు చెప్పి నిట్టూరుస్తూనే ఉంటుంది.

జూన్ 2న ఫోను. ఈసారి ఏడుపు కాదు, అరుపులు. ఒక్కరోజులో 111 మిల్లీమీటర్ల వాన! జూన్ నెలలో ఒక్క రోజున అంత వాన పడటం 133 ఏళ్ళలో అదే మొదలని పేపర్లు రాశాయి. చెట్లు కూలాయి, రోడ్లు చెరువులయ్యాయి. ముగ్గురూ మేడ మీదికి పోయి బకెట్ల మూతలు తీసి పెట్టారట.

ఆ అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలయింది, అంచుల్లో ఉన్న ఆ 110 పల్లెల కోసమే. మా అమ్మాయి మాత్రం దాన్ని నమ్ముకోలేదు. మరుసటి ఏడాది ముగ్గురూ కలిసి చిన్న ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఇంటావిడని మొదట అడిగింది అద్దె ఎంతని కాదు. నీళ్ళు కావేరివా, బోరువా, ట్యాంకరా? సంపు ఎన్ని లీటర్లది? ఎన్ని కాపురాలు? పోయిన ఏప్రిల్లో ఎన్ని రోజులు ఆగాయి? మీ అమ్మాయికి గది చూసేటప్పుడు మీరూ ఇవే అడగండి. వీలైతే సాయంత్రం వేళ పోయి, పై అంతస్తులో కొళాయి తిప్పి చూడండి. అక్కడ ఉండే పిల్లల్ని విడిగా పిలిచి అడగండి, ఓనరు ముందర నిజం చెప్పరు.

నిన్న ఫోను చేసి అరకిలో పొడి పంపమంది. ఒడిశా పిల్ల ఊరికి పోతోందట, వాళ్ళమ్మకి కావాలట. గింజలు తెప్పించాను. ఎల్లుండి ఆదివారం, రోలు కడిగి పెట్టుకోవాలి.